ఏ తప్పో చెప్పని క్షమాపణ

మార్చి 20, గురువారం

తోరికాను చంపింది ఇలైతియా. ఈ మాట బయట ఎక్కడా అనలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మా కాల్ సెంటర్ మేనేజరు ఇలైతియా, నాతోపాటు అక్కడ ఫోన్లెత్తే అమ్మాయి తోరికా. మధ్యాహ్నం మాకున్న పావుగంట టీ విరామాన్ని ఐదు నిమిషాలకు కోశాడు. "పొద్దున్నే వ్యాయామం చేస్తున్నారు కదా, ఇప్పుడు మీకు అలుపు తక్కువ" అన్నాడు. గోడకు ఒక పట్టిక అంటించాడు. శనివారాలతో సహా రోజూ పొద్దున ఎవరు పరుగుకు వచ్చారో వాళ్ళ పేరు పక్కన గడిలో ఎర్రచుక్క. నెలకో శనివారం పందెం. జట్టులో ఒక్కరు చివరిదాకా రాకపోయినా జట్టు మొత్తానికి సున్నా. మనిషిని మనిషి చేతే తరిమించడమంటే ఇదే. కార్మికుల కరపత్రాల్లో చదివాను. ఇప్పుడు కళ్ళారా చూశాను.

ఈ నెల ఎనిమిదో తారీకు శనివారం ఉదయం, నసేసే దగ్గర సముద్రపు గోడ వెంట, మేమే సున్నంతో గీసుకున్న మూడో కిలోమీటరు గీత దాటగానే తోరికా కూర్చుంది. తర్వాత పడుకుంది. అంతే. ఇరవై ఆరేళ్ళు.

నిన్న కంపెనీ వాళ్ళమంతా కినోయాలో ఆమె ఇంటికి వెళ్ళాం. చాపలు, పెద్దలకు కానుకగా ఇచ్చే యంగోనా వేళ్ళ కట్ట, ఇలైతియా అరచేతుల్లో మన్నింపు అడిగేటప్పుడు ఇచ్చే తిమింగలం పన్ను. ఇస్త్రీ చేసిన సులు, మా లుంగీ, కట్టుకొచ్చాడు. వాళ్ళది తరతరాలుగా పెద్దల తరఫున మాట్లాడే వంశం, ఆ గొంతు ఎక్కడికి పోతుంది. "మా వైపు నుంచి తెలిసో తెలియకో ఏ లోపం జరిగినా మన్నించండి" అన్నాడు. తోరికా పెదనాన్న పన్ను పుచ్చుకున్నాడు. అందరం దోసిలి చేతులతో చప్పట్లు కొట్టాం. పన్ను పుచ్చుకున్నాక ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తితే పుచ్చుకున్నవాళ్ళకే అవమానం.

ఏ లోపం అని ఎవరూ అడగలేదు. మూడో వరసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను.

పొద్దుటి వ్యాయామానికి పెద్దని నేను. అందుకే నన్నూ తీసుకెళ్ళారు. తోరికా నాతో ఏమీ చెప్పలేదు.


మార్చి 21, శుక్రవారం

పొద్దున ఐదు కిలోమీటర్లు. ఒంటరిగా. ఆ గీత దగ్గరికి రాగానే రోడ్డు దాటి అటుపక్క పరుగెత్తాను.


మార్చి 24, సోమవారం

నేను తెచ్చిన పద్ధతిని ఇలైతియా ఎలా పాడు చేశాడో రాసి పెట్టుకోవాలి. లేకపోతే రేపు నేనే మరిచిపోతాను.

పోయిన ఆగస్టు. ఆస్ట్రేలియాలో కరెంటు పోయిన ఒకాయన తోరికాను నలభై నిమిషాలు తిట్టాడు. ఫోను పెట్టేశాక ఆమె లేచి మెట్ల గదిలోకి పోయింది. నేను వెనకాలే వెళ్ళాను. తండ్రి వైపు వరసలో నాకు మరదలు, ఆమె ఏడుస్తుంటే చూసి ఊరుకునే వరస కాదు.

"ఏమన్నాడే?"

"నీ ద్వీపానికి నువ్వు పో అన్నాడు. ద్వీపంలోనే ఉన్నానయ్యా అందామనుకున్నా. మాట రాలేదు బావా." కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

నా జేబులో ఆరోగ్య కేంద్రం దగ్గర దొరికిన కరపత్రం ఉంది. పని ఒత్తిడికి రోజూ అరగంట నడక మందు అని. చదివి వినిపించాను. ఆమె దాన్ని లాక్కుని చూసింది.

"ఈ బొమ్మలో నడిచేవాడికి మెడే లేదు. మనకి మెడ ఉంది కదా, పనికొస్తుందంటావా?"

మర్నాడు ఉదయం ఆరింటికి సముద్రపు గోడ దగ్గర ఇద్దరం. వారానికి అయిదుగురం. నెలకి పద్నాలుగు మంది. నడిచేవాళ్ళం, చేతులు ఊపేవాళ్ళం, ముందురోజు ఎవరెవరు ఏమని తిట్టారో ఒకరికొకరు అప్పజెప్పుకుని నవ్వేవాళ్ళం. వేయించిన పిండిముద్దలు కొనుక్కుని బస్సెక్కేవాళ్ళం. ఎనిమిదింటికి హెడ్‌సెట్ పెట్టుకునేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఇది నిజం. తోరికా మెట్ల గదికి వెళ్ళడం మానేసింది. నిద్ర పడుతోంది బావా అంది. ఇది కూడా నిజం.

అక్టోబరులో ఇలైతియా చూశాడు. నవంబరు మొదటివారంలో పట్టిక వచ్చింది. నడక పరుగయింది. నన్ను పెద్దని చేశాడు.

నేను ఒప్పుకున్నాను. లోపలుండి మార్చొచ్చని.


మార్చి 27, గురువారం

ఇలైతియా తన గదికి పిలిచి నిమ్మాకు టీ ఇచ్చాడు. ఆ గదిలో టీకి నిమిషాల లెక్క లేదు.

"కూర్చో తమ్ముడూ. కార్మిక శాఖ వాళ్ళు కాగితం అడిగారు. మామూలే. నువ్వు పెద్దవి కాబట్టి నీ మాట కావాలి."

కాగితం అప్పటికే తయారుగా ఉంది. మరణించిన ఉద్యోగిని తన అనారోగ్యం గురించి నాకు ఎన్నడూ తెలియజేయలేదని కితియోనె అనే నేను చెబుతున్నట్టు.

"నిజమే కదా?"

"నిజమే."

"నువ్వు చదువుకున్నవాడివి, ఒకసారి సరిచూడు. ఎక్కడైనా తేడా ఉంటే దిద్దు."

తేదీ తప్పు పడింది. దిద్దాను. కింద సంతకం చేశాను.

తోరికా నాతో ఏమీ చెప్పలేదు. వందమందిలో ఒకామెకు ఒంట్లో ఏముందో పెద్దకి ఎలా తెలుస్తుంది. యజమాని కదా వైద్య పరీక్ష చేయించాల్సింది. అడగాల్సింది వాళ్ళని.


ఏప్రిల్ 2, బుధవారం

గాజు తలుపు పక్కనుంచి పోతుంటే ఆమె గొంతు వినిపించింది.

"నమస్కారం, నేను తోరికా మాట్లాడుతున్నాను. మీ మీటరు నంబరు చెబుతారా?"

ఆగి లోపలికి చూశాను. లోపల కొత్తగా చేరిన ఏడుగురు తలలూపుతూ రాసుకుంటున్నారు. పాఠం చెబుతున్నది శయల్, నా పక్క కుర్చీలో పనిచేసే అమ్మాయి. పాత కాల్ రికార్డింగు పెట్టి వినిపిస్తోంది. చనిపోయిన మనిషి నవ్వుతూ అంటోంది, "ఏం పర్లేదండీ, మీరు వెతకండి, నేను లైన్‌లోనే ఉంటాను."

భోజనం దగ్గర శయల్‌ని నిలదీశాను. రోటీ పొట్లం విప్పుతూ నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"నాకు మాత్రం సరదానా కితీ? ఇంత ఓపిగ్గా మాట్లాడిన కాల్ ఇంకోటి లేదు. నీవి వేస్తే కొత్తవాళ్ళు సాయంత్రానికల్లా పారిపోతారు."

"తీసెయ్యమని అడగొచ్చు కదా."

"అడిగా. ఆమెకి నివాళి అన్నాడు ఇలైతియా."


ఏప్రిల్ 3, గురువారం

అలిసిపోతున్నానని ఒకసారి అన్నట్టుంది. అలిసిపోయామని అందరూ అంటారు.


ఏప్రిల్ 8, మంగళవారం

పొద్దున పరుగులో వెనక అడుగులు. ఎడమ కాలు కాస్త ఈడ్చినట్టు పడే అడుగులు, బూటు వదులుగా ఉన్నట్టు. నేను మెల్లగా వేస్తే అవీ మెల్లగా. తిరిగి చూశాను. అలలు గోడకు కొడుతున్నాయి. ఒక ముసలాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. ఆయన నన్ను చూసి కనుబొమలెగరేసి పలకరించాడు.

ఇంకా వేగంగా పరుగెత్తాను. ఆఫీసుకు వెళ్ళేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఉండకూడదు కదా.


ఏప్రిల్ 13, ఆదివారం

చర్చి అయ్యాక కినోయా వెళ్ళాను. తోరికా తల్లి ఊనైసి అత్త నల్లబట్టల్లో ఉంది. మా ఆచారంలో సూతకం తీరే నూరో రాత్రి దాకా విప్పదు. టీలో పంచదార కూడా మానేసింది, తోరికాకు తీపి ఇష్టమని. నాకు మాత్రం మూడు చెంచాలు వేసింది.

"తాగు అల్లుడూ. చిక్కిపోయావు. పరుగులేనా ఇంకా?"

"ఇంకానే అత్తా."

లోపలికి వెళ్ళి ఒక కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. క్లినిక్ కార్డు. తోరికాకు తొమ్మిదేళ్ళప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం దెబ్బతిందట. నెలకో సూది వేయించుకోవాలి. వేయించుకున్నప్పుడల్లా నర్సు గడిలో సంతకం పెడుతుంది. సంవత్సరాల తరబడి సంతకాలు. నవంబరు నుంచి గళ్ళు ఖాళీ.

మా గోడ మీది పట్టికలో ఆమె గళ్ళు నవంబరు నుంచి నిండుగా ఉన్నాయి.

"నాకు చెప్పలేదు" అంది అత్త. "నేను కోప్పడతాననుకుందేమో. చిన్నప్పుడు సూదికి మారాం చేస్తే ఒకటి వేసి తీసుకెళ్ళేదాన్ని. సరే, నాకు చెప్పకపోతే పోనీ. ఎవరికో ఒకరికి చెప్పుకుని ఉంటుందా? అదొక్కటే నా గోల. ఎవరికీ చెప్పుకోలేనంత ఒంటరిగా అయిపోయిందా నా పిల్ల? నీతో ఏమైనా అందా?"

"నాతో అనలేదు అత్తా."

కార్డును భద్రంగా సులు అంచులో చుట్టుకుంది. నా కప్పు ఖాళీ అయిందని మళ్ళీ టీ పోసింది.


ఏప్రిల్ 14, సోమవారం

కాలు బెణికిందని చెప్పి పొద్దున వెళ్ళలేదు. బెణకలేదు.


ఏప్రిల్ 22, మంగళవారం

వారం రోజులు వ్యాయామం లేకపోతే నేనెవరో నాకు తెలిసిపోయింది. అడిలైడ్ నుంచి ఒకావిడ బిల్లు గురించి అడిగితే గద్దించాను. మేనమామ ఎసాలా ఇంట్లోనే ఉంటున్నాను, ఆయన మీద కూడా అరిచాను, పెండలం ఉప్పగా ఉందని. "ఉప్పు నేను వెయ్యలేదురా, నీ నోట్లోనే ఉంది" అన్నాడు. రేపటి నుంచి మళ్ళీ పరుగెత్తాలి.


మే 6, మంగళవారం

వ్యాయామానికి పెద్దనన్న హోదాతో తోరికా పాత కాల్స్ అడిగి తీసుకున్నాను. నాణ్యత పరిశీలన అని రాశాను. నిజానికి ఇలైతియా మీద రుజువు కోసం. టీ విరామం కోశాక ఆమె గొంతు ఎంత అలిసిందో వినిపించి కార్మిక శాఖకు ఇద్దామని. ఉద్దేశం అదే. అదే ఉద్దేశం.

సెప్టెంబరు కాల్స్‌లో వాక్యం మొత్తానికి ఒక్క ఊపిరి. డిసెంబరులో వాక్యానికి రెండు. ఫిబ్రవరిలో "మీ చిరునామా" అని ఆగి, ఊపిరి తీసుకుని, "చెబుతారా" అంటోంది. అవతలివాళ్ళు ఆమె ఆలోచిస్తోందనుకుని ఉంటారు. నవ్వుతోందనుకుని ఉంటారు. పక్క కుర్చీలో ఉన్నవాడికి వినపడాల్సింది.

నాకు దొరికిన వాటిలో చివరిది మార్చి ఆరు. కస్టమరు పెట్టేశాడు. ఆమె హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు. రికార్డింగు ఇంకా ఆగలేదు.

"కితియోనె బావా, ఒక్క నిమిషం. నీకో మాట చెప్పాలి."

ఒక మగగొంతు, దూరంగా, విసుగ్గా: "మెట్ల దగ్గరికి రా."


మే 7, బుధవారం

ఆ మగగొంతు నాది.


మే 9, శుక్రవారం

ఇలైతియా అందరినీ నిలబెట్టి ప్రకటించాడు. జూన్ 14, శనివారం, ఆమె నూరో రాత్రికి ముందురోజు, తోరికా స్మారక పరుగు. అదే గోడ వెంట, అదే అయిదు కిలోమీటర్లు. జట్లు, పట్టిక, ఎర్రచుక్కలు. గెలిచిన జట్టుకు ఆమె పేరున ఒక కప్పు. తర్వాత ఒక వాక్యం నెమ్మదిగా కలిపాడు. "ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ముందే చెప్పాలి. దాచిపెడితే ఏమవుతుందో మనం చూశాం."

అందరూ తలలు ఊపారు. దాచిపెట్టిందని. ఆ మాటకు ఆధారం నా సంతకం.

శయల్ చేతిసంచిలోంచి ఆయాసం మందు గొట్టం తీసి రెండుసార్లు పీల్చుకుంది.

"నువ్వు పరుగెత్తకు" అన్నాను.

"ఏమని చెప్పను? తోరికా పేరు మీద పరుగెత్తడానికి దీనికి కాళ్ళు రాలేదు అంటారు. మన జట్టులో నా గడి ఒక్కటీ ఖాళీగా ఉంటే ఆరుగురు నన్నే చూస్తారు. నీకేం, నువ్వు గుర్రానివి."

"ఇలైతియాకి చెప్పు."

"నువ్వు పెద్దవి కదా. నీకు చెబుతున్నా."

గోడ మీది పట్టిక వైపు తిరిగాను. ఆమె నన్ను వింతగా చూసి నీళ్ళసీసా ఇచ్చింది.


మే 10, శనివారం

రాస్తాను. నిదానంగా, కొట్టివేతలు లేకుండా.

మార్చి ఆరు, గురువారం, మధ్యాహ్నం. మెట్ల గది. ఐదు నిమిషాల విరామంలో రెండు నిమిషాలు అయిపోయాయి. తోరికా కమ్మీ పట్టుకుని నిలబడింది.

"రెండో అంతస్తు ఎక్కేసరికి గుండె పడవలో పడ్డ చేపలా కొట్టుకుంటోంది బావా. సూదికెళ్ళి నాలుగు నెలలైంది. మన పని ముగిసేసరికి క్లినిక్ మూసేస్తారు, శనివారం పొద్దున ఒక్కటే వీలు. శనివారం పొద్దున నీ పరుగులాయె. ఈసారికి నన్ను వదిలెయ్. ఇలైతియాకి నువ్వే చెప్పు. నేను చెబితే సాకంటాడు."

ఇంత స్పష్టంగా చెప్పింది. సూది, గుండె, నాలుగు నెలలు. ఏ మాటా మింగలేదు.

నేనేమన్నాను? నా జట్టు మొదటి స్థానానికి ఒక్క పందెం దూరంలో ఉంది. గెలిచాక అందరి ముందూ లేచి, మేం ఇంత గట్టివాళ్ళం, మా టీ విరామం మాకివ్వు అని ఇలైతియాను అడగాలని ఉపన్యాసం రాసి పెట్టుకున్నాను. రెండు పేజీలు, తోరికాకు చదివి వినిపించాను కూడా. ఒకరు తగ్గితే సున్నా.

"నువ్వు మానేస్తే వాడు గెలిచినట్టే" అన్నాను. "ఒత్తిడి వచ్చి గుండెల్లోనే కూర్చుంటుంది. కదిలితేనే పోతుంది. నేను చదివాను."

ఆమె నా మొహం చూసింది. తర్వాత నవ్వింది. "సరేలే నాయకుడా. నీ ఉపన్యాసం నా మీదుగా పోవాలన్నమాట."

శనివారం నేను ముందున్నాను. మూడో గీతకు కొంచెం ఇటు, వెనక నుంచి, "బావా, కాస్త ఆగవా." నేను తిరగలేదు. చెయ్యి పైకెత్తి, "కదిలితేనే పోతుంది" అని అరిచాను. జట్టంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి ఉంటుంది.

తోరికా నాతో చెప్పింది.


మే 11, ఆదివారం

చెప్పింది.


మే 18, ఆదివారం

మామయ్య పెరట్లో చేమమొక్కల చుట్టూ కలుపు తీస్తున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. తలెత్తకుండా విన్నాడు.

"వాళ్ళు పన్ను పుచ్చుకున్నారు కదా మామయ్యా. నేనూ ఆ వరసలో ఉన్నాను. అంటే నాదీ ముగిసినట్టేనా?"

"ఏం ముగిసిందిరా? ఆ రోజు ఇలైతియా ఏమన్నాడు?"

"ఏ లోపం జరిగినా అన్నాడు."

"అదే మరి. మా నాన్న కాలంలో ఎవడైనా అలా అంటే, ముందు లోపం పేరు చెప్పి తర్వాత వంగరా అని వెనక్కి పంపేవాళ్ళు. పందిని కొట్టాడా, పెళ్ళాన్ని కొట్టాడా, పడవ ముంచాడా. పేరు చెప్పాలి. ఆ పెద్దాయన దుఃఖంలో ఉండి అడగలేదు. అడగలేదు కదా అని మీరు లేచొచ్చేశారు."

"ఇప్పుడు చెబితే ఆ ఇంటికి అవమానం."

"ఇలైతియా సంగతి ఎత్తితే అవమానం. నీది వాళ్ళు ఇంకా విననే లేదు, దానికి అవమానమెక్కడిది." మట్టి చేతులు దులుపుకున్నాడు. "ఇన్ని కాగితాలు చదువుతావు. ఇది ఏ కాగితంలోనూ లేదా?"

"లేదు."

"అయితే ఒకటి నువ్వే రాయి."


మే 24, శనివారం

మామయ్య యంగోనా వేరు ఎంచి ఇచ్చాడు, మట్టి కడిగి. నాతో కినోయా వచ్చాడు. "పక్కన కూర్చుంటాను. నోరు మాత్రం నీది" అన్నాడు.

గడప బయట నేల మీద కూర్చున్నాను. వేరు రెండు చేతుల మీదా అడ్డంగా. ఊనైసి అత్త తలుపు తీసి చూసి, ఇదేమిటని నవ్వబోయి ఆగింది. ఎదురుగా చాప మీద కూర్చుంది.

అంతా చెప్పాను. మెట్లు, సూది, నాలుగు నెలలు, నా ఉపన్యాసం, చెయ్యెత్తి అరవడం, సంతకం, ఏప్రిల్‌లో ఇదే ఇంట్లో చెప్పిన అబద్ధం. వేరు మీది చెమ్మ మోచేతుల దాకా కారింది.

రోడ్డు మీద బస్సు ఆగి వెళ్ళింది.

"అయితే చెప్పింది" అంది.

"చెప్పింది అత్తా."

"సూది సంగతి కూడా?"

"సూది సంగతి కూడా."

"ఎలా అంది? నవ్వుతూ అందా?"

"చేపలా కొట్టుకుంటోంది అంది."

అప్పుడు ఏడ్చింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సులు అంచుతో మొహం కప్పుకుని, చిన్నపిల్లప్పుడు కూడా అలాగే అనేది, లోపల చేప ఉందమ్మా అనేది, అంది. మామయ్య నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఏడుపు ఆగాక వేరు వైపు చూసింది. చెయ్యి చాచలేదు.

"దీన్ని నేను ముట్టను. ఇప్పుడు కాదు. నా ఒక్కదాని చెవిలో చెప్పి తేలికైపోదామనుకున్నావా? అక్కడ అందరూ నా పిల్ల రోగం దాచిందనుకుంటున్నారు. చర్చిలో నన్ను చూసి జాలి పడుతున్నారు, కూతురు నమ్మలేదు పాపం అని. దాని పక్కన పరుగెత్తినవాళ్ళకి చెప్పు. అది కూర్చున్నచోట నిలబడి చెప్పు. ఆ తర్వాత తీసుకురా, అప్పుడు చూద్దాం."

"పుచ్చుకుంటావా అత్తా?"

"చూద్దాం అన్నాను."

వేరు తిరిగి ఇంటికి తెచ్చాం. బస్సులో మామయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం అన్నాడు, "బరువు తెలిసిన ఆడమనిషి."


జూన్ 2, సోమవారం

కార్మిక శాఖలో పాత కాగితం తప్పు అని కొత్త కాగితం ఇచ్చాను. మెట్ల గది సంగతి, తేదీతో సహా. గుమాస్తా ముద్ర వేసి, వెనక్కి తీసుకోవడం కుదరదు సుమా అన్నాడు. కుదరకూడదనే వచ్చానన్నాను.

తర్వాత ఇలైతియా గది. ఈసారి టీ లేదు.

"పన్ను పుచ్చుకున్నాక సంగతి ఎత్తేవాణ్ణి ఏమంటారో తెలుసా నీకు?"

"మీ సంగతి నేను ఎత్తడం లేదు. నాది ఎత్తుతున్నాను."

"నీది ఎత్తితే నాది రాదా?"

"అది మీ ఇష్టం."

కోపంగా ఉంటాడనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలాడు. "మా నాన్న కుర్చీలో కూర్చునే పోయాడు. యాభై రెండేళ్ళకి. కదలని మనిషి. ఆ పట్టిక నేను మంచికే పెట్టాను కితియోనె. నువ్వు నమ్మవు."

నమ్మాను. అదే నాకు కష్టంగా ఉంది. ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి పేజీ తిప్పి చూశాను. మొదటి వాక్యం కొట్టెయ్యలేదు. దాని కింద నా పేరు కూడా రాశాను.

నేను గదిలోంచి లేచి వచ్చేటప్పుడు, తదుపరి కబురు దాకా పనికి రానక్కర్లేదన్నాడు ఇలైతియా.


జూన్ 5, గురువారం

పొద్దున శయల్ గోడ దగ్గరికొచ్చింది. పరుగు లేదు, నడక. ఆమెకు ఆయాసం వచ్చినచోట ఆగాం. గోడ మీద కూర్చున్నాం. ఎవరూ చుక్క పెట్టలేదు. ఆమెకు కూడా నిజం చెప్పాను.

"ఆ రోజు నువ్వు చెయ్యెత్తి అరిస్తే నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నా" అంది.

తర్వాత లేచి, "పద, ఇంకాస్త. కూర్చుంటే నా ఊపిరి బిగుసుకుంటుంది" అంది. నడిచాం. నడిస్తే మంచిదే. అది తోరికాకూ తెలుసు, నాకూ తెలుసు. ఆగమన్నప్పుడు ఆగడం ఒక్కటే నేను నేర్చుకోలేదు.

అడుగులు వినిపించాయి. ఈసారి తిరిగి చూడలేదు. మెల్లగా నడిచాను, అంతే.


జూన్ 9, సోమవారం

శనివారం మూడో గీత దగ్గరికి అందరినీ పిలిస్తే వస్తారో రారో. రాకపోతే ఖాళీ గోడకు చెబుతాను. అది ఇంకా భయం.


జూన్ 12, గురువారం

కరపత్రం అయిదుసార్లు రాశాను. మొదటి నాలుగింటిలోనూ దోపిడీ, శ్రమ, మేలుకో అన్న మాటలున్నాయి. మామయ్య చదివి, "ఇందులో నువ్వెక్కడున్నావురా" అన్నాడు. అయిదోది ఇది. శయల్ తన బంధువుల దుకాణంలో నకళ్ళు తీయించింది. రేపు ఆఫీసు మెట్ల దగ్గర తనే పంచుతానంది. ఊనైసి అత్తకు ఒకటి నేనే ఇచ్చాను. చదివి మడిచి క్లినిక్ కార్డుతో కలిపి పెట్టుకుంది. వస్తానని గాని రానని గాని అనలేదు. ఇక్కడ ఒక ప్రతి రాసి పెట్టుకుంటున్నాను, మాట మార్చకుండా ఉండటానికి.

తోటి ఉద్యోగులకు,

తోరికా తన జబ్బు దాచలేదు. పోయిన మార్చి ఆరున నాతో చెప్పింది, పరుగు నుంచి వదిలెయ్యమని అడిగింది. నేను వదల్లేదు. ఆ తర్వాత చెప్పలేదని సంతకం పెట్టాను. ఈ తప్పు నాది, దీని పేరు ఇది.

శనివారం ఆమె పేరున పరుగు పెట్టారు. పరుగెత్తకండి. నసేసేలో ఆమె కూర్చున్న చోటికి రండి. ఒంట్లో ఏముందో చెప్పుకోవడానికి భయపడుతున్నవాళ్ళు ముందు రండి. మీ క్లినిక్ కార్డులు తెచ్చుకోండి. ఇలైతియా గారూ, మీరూ రండి. నేను చెప్పాల్సింది చెబుతాను, మీరు అడగాల్సింది అడగండి. ఆ తర్వాత నడవాలనుకున్నవాళ్ళు నడుద్దాం, అందరిలో మెల్లగా నడిచేవారు ముందు, మిగతావాళ్ళం వెనక.

జూన్ 14, శనివారం, ఉదయం ఆరు గంటలకు, మూడో గీత దగ్గర.

కితియోనె